కప్పుట వేరు, నిలుపుట వేరు



సప్తవ్యసన త్యాగము గృహస్థధర్మమునకు మొదటి మెట్టు. జూదము, మాంసము, మద్యము, వేశ్యాసంగము, వేట, దొంగతనము, పరస్త్రీగమనము - ఈ ఏడింటిని మన పిల్లలు పాఠశాలలో వ్రేళ్ళమీద లెక్కపెట్టి చెప్పుదురు. అట్లు చెప్పిన పిల్లవాడే ఇరువది రెండేండ్లవాడై, చదువుకు పోయిన నగరములోనో, సరుకు కొనుగోలుకు పోయిన ఊరిలోనో మత్తుమందుకు అలవాటుపడి ఇంటికి వచ్చినచో ఏమి చేయవలెను? విడువవలసినవి ఏవో మనకు కంఠస్థము. విడువలేక చిక్కుకొన్నవానిని ఏమి చేయవలెనన్నది మనము అంతగా ఆలోచించిన విషయము కాదు. ఈ సంచికకు ఏదైనా వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, పండితులు చక్కగా వ్రాయగల విషయములను వారికే విడిచి, వర్తకుల ఇండ్లలో తలుపులు మూసికొని గుసగుసగా మాట్లాడుకొను ఈ విషయమును గూర్చి వ్రాయుట మంచిదని నాకు తోచినది.

"ఇది మన ఇండ్లలో లేదు" అనువారు కలరు. వారికి ముందుగా ఒక లెక్క చెప్పుదును. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ, ఢిల్లీలోని అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థ చేత చేయించిన సర్వే ఫలితములు 2019లో వెలువడినవి. 10 మొదలు 75 సంవత్సరముల వయసుగలవారిలో నూటికి 14.6 మంది మద్యము త్రాగుచున్నారనియు, నూటికి 2.1 మంది నల్లమందు జాతి పదార్థములను - అనగా నల్లమందు, హెరాయిన్, నొప్పి తగ్గించు కొన్ని మాత్రలు మొదలైనవానిని - వాడుచున్నారనియు అందులో తేలినది. ఈ రెండవ లెక్కయే 2.26 కోట్ల మంది. మద్యమునకు పూర్తిగా లోబడినవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు చెప్పిరి. ఇంత పెద్ద మొత్తములో మన వీధి వాటా సున్న అని లెక్క తెలిసిన వర్తకుడెవడును నమ్మడు. మన వంటయింటిలోనికి మాంసము రాదు, మద్యము రాదు, నిజమే. కాని మాత్రకు వాసన లేదు. అది చొక్కా జేబులో పట్టును. మన ఆచారము దానిని గడప దగ్గర గుర్తుపట్టలేదు.

ఇతర దేశములలో కొందరు భక్తులు ఈ కష్టమునకు ఒక మార్గము వెదకినారు. వ్యసనమునకు లోబడినవారిని పొలము నడుమ ఒక సంఘముగా చేర్చి, ప్రార్థనతోను పనితోను బాగుచేయుటయే ఆ మార్గము. దీనిని మనము మన కండ్లతో పరీక్షించి, మెచ్చదగినదేదో, జాగ్రత్తపడదగినదేదో తేల్చుకొనుట మంచిది.

బ్రెజిల్ దేశమున సావో పావులో రాష్ట్రములో గ్వారటింగెటా అను ఊరు కలదు. 1983లో నెల్సన్ అను యువకుడు అక్కడ ఒక వీధి మూలన మత్తుమందు వాడు కుర్రవాండ్రతో స్నేహము కలిపినాడు. వారిలో ఒకడు, తాను దీనినుండి బయటపడవలెనని, తోడుగా నిలువుమని అడిగినాడు. జర్మనీనుండి వచ్చి ఆ ఊరి చర్చిలో గురువుగా ఉన్న హన్స్ స్టాపెల్ అను ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆ యువకునకు అండగా వచ్చినాడు. అట్లు పుట్టినదే ఫజెండా ద ఎస్పెరాన్సా. మన మాటలో చెప్పవలెనన్న "ఆశాక్షేత్రము". నేడు అట్టి క్షేత్రములు ఇరువదికి పైగా దేశములలో నూటికి మించి ఉన్నవి. చేరినవాడు 12 నెలలు అక్కడ ఉండవలెను. ప్రార్థన, పని, నలుగురితో కలిసి బ్రదుకుట, ఈ మూడే అక్కడి పద్ధతి. పొగాకు కూడ నిషేధము. తోటపని, పశువుల పని, వంటపని ఎవరివంతు వారు చేయవలెను. చేసిన వస్తువులను అమ్మి క్షేత్రపు ఖర్చునకు కొంత సమకూర్చుకొందురు. అన్నిటికంటె నన్ను ఆకర్షించిన నియమము మరియొకటి. చేరగోరువాడు తన స్వహస్తముతో ఉత్తరము వ్రాసి అడుగవలెను. తండ్రి పలుకుబడి, మామ సిఫారసు దానికి బదులు కావు. చేవ్రాలు విలువ తెలిసిన వర్తకులకు ఆ నియమపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అదే 1983లో ఇటలీ దేశమున సలుజ్జో అను ఊరి కొండపై, పాడుపడిన ఒక ఇంటిలో, ఎల్విరా పెట్రోజ్జి అను సన్యాసిని చెనాకొలో అను సంఘమును ప్రారంభించినది. ఆమె 2023లో కాలధర్మము చెందినది. సంఘము అనేక దేశములకు వ్యాపించినది. అక్కడ క్రొత్తగా వచ్చినవానికి ముందే వచ్చి కుదుటపడినవాడొకడు రేయింబవళ్ళు తోడుండును. అతనికి "కావలి దేవత" అని ముద్దుపేరు. మత్తు లేక వణకు రాత్రి ఎట్లుండునో పుస్తకములో చదివినవానికంటె తాను వణకినవానికే బాగుగా తెలియును గదా. జీతము తీసికొనక, తాను పొందిన మేలును తరువాతివానికి అప్పగించు ఈ ఏర్పాటు ఆ సంఘమునకు వెన్నెముక.

ఇక్కడ పని చేయుచున్నదేమి? దేవుడా, పొలమా, స్నేహమా? విడదీసి చెప్పుట కష్టమే కాని, వర్తకుని బుద్ధికి అందినంత చెప్పుదును. మత్తుమందు మనిషికి చేయు మొదటి అపకారము అతని కాలమును దోచుట. పగలు రాత్రి అను భేదము పోవును. ఇప్పుడు మందు ఉన్నదా, తరువాత ఎట్లు దొరకును అన్న రెండే ఘడియలు మిగులును. పొలము ఆ కాలమును తిరిగి అతని చేతికిచ్చును. ఆవుకు తెల్లవారుజామున పాలు పిదుకవలెను. నారుకు నీరు నేడు పెట్టకున్న రేపు వాడును. తనమీద ఆధారపడిన ప్రాణి ఒకటి ఎదుట నిలిచినప్పుడు, తనకు తానే పనికిరానివాడనుకొన్న మనిషికి తన అవసరము మరల కనబడును. రెండవది, పొలములో కోరినవెంటనే ఫలము రాదు. ఈ క్షణముననే సుఖము కావలెనన్న అలవాటునకు విత్తనమే గురువు. మూడవది ప్రార్థన. రోజులో కొంతసేపు తన కోరికకు బయట కూర్చుండి, ఆ కోరికను చూచుట. మన సామాయికములో 48 నిమిషములు చేయు పనియు ఇదియే. కోరిక వచ్చును, నిలుచును, పోవును. అది నేను కాను అని తెలిసికొనుట. ఈ మాట చెప్పుటకు మనకు ఇతర మతముల అనుమతి అక్కరలేదు. వారు చేసిన దానిని మెచ్చుకొనుటకు మన మతము అడ్డురాదు.

ఇక్కడ మనవారిలో కొందరికి ఒక సందేహము కలుగును. దున్నుట వలన భూమిలోని జీవములు నశించును గదా. జైనుడు అట్టి క్షేత్రమునకు ధనమిచ్చుట, తన బిడ్డను పంపుట తగునా? సందేహము న్యాయమైనదే. మన పెద్దలు అనేకులు వ్యవసాయమును విడిచి వర్తకమును పట్టుటకు ఇదియు ఒక కారణమని చెప్పుదురు. శ్రావకులు విడువవలసిన 15 కర్మాదానములలో భూమిని త్రవ్వి చీల్చు వృత్తి కూడ ఒకటిగా చెప్పబడినది. ఐతే అసి, మసి, కృషి, విద్య, వాణిజ్యము, శిల్పము అను ఆరు వృత్తులను ప్రజలకు నేర్పినవాడు ఆది తీర్థంకరుడైన ఋషభదేవుడే అని ఆదిపురాణము చెప్పుచున్నది; వానిలో కృషి ఉన్నది. గృహస్థునకు సంకల్పహింస పూర్తిగా నిషిద్ధము. వృత్తిలో తప్పనిసరియైన ఉద్యోగహింసను తగ్గించుకొనవలెను. దున్నునప్పుడు పురుగు చచ్చుట ఒకటి, కన్నబిడ్డ కండ్లయెదుట క్షయించుచుండగా చూచుచు ఊరకుండుట మరియొకటి. ఊరకుండుట అహింస కాదు. అది ప్రమాదము, అనగా ఏమరుపాటు. ఏమరుపాటే హింసకు మూలమని మన ఆచార్యులు చెప్పినారు. అంతగా శంక ఉన్నచో దున్నకము తక్కువైన పండ్లతోట, పూలతోట, గోశాల చాలును. బాగుచేయునది నాగలి కాదు. తనమీద ఆధారపడిన దానిని కాపాడు బాధ్యత.

దీనికంటె కఠినమైన ప్రశ్న బలవంతమును గూర్చినది. "వాడు తనంత తాను ఒప్పుకొని ఉత్తరము వ్రాయువరకు నేను వేచియుండవలెనా? అంతలో చచ్చిపోయినచో?" అని ఒక తండ్రి అడిగినచో ఏమి చెప్పుదుము? అతని భయము అబద్ధము కాదు. మత్తుకు లోబడినవాని ఇష్టము అతని ఇష్టమేనా అన్నది కూడ తేలిక ప్రశ్న కాదు. కోరికచేత కట్టబడినవానిని త్రాటితో కట్టినచో క్రొత్తగా పోయిన స్వేచ్ఛ ఏమున్నదని వాదించవచ్చును.

ఈ వాదమును అనుసరించి నడచినవారి చరిత్ర మన ముందున్నది. ఇటలీలో రిమిని పట్టణము దగ్గరి కొండలలో విన్సెంజో ముచియోలి అను ఆయన 1978లో సాన్ పత్రిన్యానో అను క్షేత్రమును స్థాపించినాడు. ఇది చర్చికి చెందినది కాదు. కాని ఆయనను చుట్టుముట్టిన నమ్మకము మతమునకు తక్కువది కాదు. ప్రభుత్వము చేతులెత్తినచోట ఆయన తలుపు తెరచినాడు. వేలమంది తల్లిదండ్రులు ఆయనకు చేతులెత్తి మ్రొక్కినారు. ద్రాక్షతోటలు, నేతపని, గుఱ్ఱపుశాలలు వెలసినవి. అనేకులు బాగుపడి బయటికి వచ్చినారు. కాని 1980లో అక్కడ గొలుసులతో బంధింపబడిన యువకులు పోలీసుల కంటబడినారు. విచారణలో 1985లో క్రింది న్యాయస్థానము ముచియోలికి శిక్ష విధించినది; పై న్యాయస్థానము దానిని కొట్టివేసినది. కన్నవారిలో పెక్కుమంది గొలుసు పక్షముననే నిలిచిరి. తరువాత 1989లో అక్కడి మాంసవిభాగములో పనిచేయు ఒకడు తోటివారు కొట్టిన దెబ్బలకు చనిపోయినాడు. తెలిసియు ఆ నేరమును బయట పెట్టలేదని 1994లో ముచియోలికి శిక్షపడినది. మరుసటి యేడు ఆయన మరణించినాడు. ఆ క్షేత్రము తరువాత మారినది, నేటికిని నడచుచున్నది. కాని పాఠము మిగిలినది. మొదటి గొలుసు ప్రేమతోనే వేసినదనుకొందము. ప్రేమ చేతి గొలుసునకు హద్దు ఎవరు పెట్టుదురు? మంచి పని చెడిపోవునను భయముతో చెడ్డపనిని కప్పినప్పుడు మంచి పనియే ఓడిపోవును.

ఇటలీ దాక పోనక్కరలేదు. తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక మానసిక రోగుల ఆశ్రమమునకు నిప్పంటుకొన్నప్పుడు 28 మంది మరణించినారు. అనేకులు గొలుసులతో కట్టబడి ఉండుటచే పారిపోలేకపోయిరి. వారిని అక్కడ విడిచినవారు శత్రువులు కారు. పుణ్యస్థలములో నయమగునని నమ్మిన కుటుంబములవారు. తప్పు భక్తిది కాదు. భక్తి పేరు చెప్పి లెక్క అడుగుట మానినవారిది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మత్తుమందుల వలన కలుగు రుగ్మతలను కూడ తన పరిధిలోనికి తెచ్చి, రోగిని ఏ విధముగాను గొలుసులతో బంధించరాదని శాసించినది. ప్రాణాపాయము ఉన్నప్పుడు వైద్యుల పరీక్షతో, పరిమితమైన దినములకు, రోగి సమ్మతి లేకయే ఆసుపత్రిలో చేర్చుకొనుటకు అదే చట్టము త్రోవ ఇచ్చినది. కావున భయపడు తండ్రికి జవాబు ఇది. బావిలో దూకబోవువానిని చేయిపట్టి లాగుట హింస కాదు. లాగినవానిని గుంజకు కట్టి సంవత్సరములు ఉంచుట హింస. మొదటిదానికి చట్టమున్నది, వైద్యుడున్నాడు. రెండవదానికి ధర్మములో చోటు లేదు.

దీనికి మన తత్త్వములో బలమైన ఆధారము కలదు. కార్యము జరుగుటకు ఉపాదానము, నిమిత్తము అని రెండు కారణములు. కుండకు మట్టి ఉపాదానము. కుమ్మరి, సారె నిమిత్తములు. ఎంత గొప్ప కుమ్మరియైనను ఇసుకతో కుండ చేయలేడు. అట్లే వ్యసనము విడుచుటకు ఆ జీవుని సంకల్పమే ఉపాదానము. క్షేత్రము, గురువు, వైద్యుడు, కన్నతల్లి అందరును నిమిత్తములే. ఒక జీవుడు మరియొక జీవుని లోపల దూరి మార్చలేడని నిశ్చయనయము చెప్పుచున్నది. మన కుందకుందాచార్యుల బోధలోని సారము ఇదియే. కాని దానినే పట్టుకొని "వాని కర్మ వాడు అనుభవించును" అని చేతులు దులుపుకొనువాడు వ్యవహారనయమును విడిచినవాడు. జీవులు పరస్పరము తోడ్పడుట కొరకే అని ఉమాస్వామి చెప్పినది కూడ మన శాస్త్రమే. మట్టి మంచిదైనను కుమ్మరి లేక తనంత తాను కుండ కాలేదు. గొలుసు వేసినవాడు తాను ఉపాదానమనుకొన్నాడు. చేతులు దులుపుకొన్నవాడు తాను నిమిత్తము కూడ కాననుకొన్నాడు. ఇద్దరును ఏకాంతవాదులే.

అందుచేతనే వ్రతము బయటనుండి పెట్టునది కాదు. థాయిలాండులో సరబురి రాష్ట్రమున థమ్ క్రబోక్ అను బౌద్ధ విహారము కలదు. ఆ దేశములో నల్లమందును నిషేధించిన 1959 నుండి అక్కడి భిక్షువులు మత్తునకు లోబడినవారికి మూలికల కషాయముతో వాంతి చేయించి చికిత్స చేయుచున్నారు. విహారాధిపతి చమ్రూన్ 1975లో మెగసెసే బహుమానము పొందినారు. ఆ చికిత్సకు ముందు ప్రతివాడును ఒక సత్యవాక్కు పలుకవలెను. ఇకమీదట ముట్టనని ప్రమాణము. కషాయము దేహమునకు, వాక్కు మనసునకు అని వారి భావము. మన శాస్త్రము ఇంకొక మెట్టు పైకి పోయి, మనిషి బలహీనతను కూడ లెక్కలోనికి తీసికొన్నది. యావజ్జీవము పట్టినది యమము; ఇంత కాలమని హద్దు పెట్టి పట్టినది నియమము. "జన్మలో ముట్టను" అని నేడు వణకుచున్నవానిచేత పలికించుట సులభము, నిలుపుట కష్టము. "రేపు తెల్లవారువరకు ముట్టను" అన్నది చిన్న నియమమే గాని, అది నిజముగా నిలిచినచో మరునాటికి పెట్టుబడి యగును. చిన్న మొత్తము రోజూ జమ చేయువాడు కొట్టు నిలుపుకొనును. ఒక్కనాడే పెద్ద సరుకు ఎత్తినవాడు దివాలా తీయుటయు మనము చూచినదే.

విశ్వాసముతో నడచు సంఘములను గూర్చి ఇంకొక హెచ్చరిక చెప్పకున్న లోపమగును. వానిలో కొన్ని, మందులు తీసికొనుట విశ్వాసలోపమని భావించును. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. చాల కాలము విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణము పోవచ్చును. ఆ మొదటి దినములు వైద్యుని పర్యవేక్షణలో గడువవలెను. నల్లమందు జాతి మందులకు లోబడినవాడు కొన్ని నెలలు మాని, తిరిగి ఒకనాడు పాత మోతాదే తీసికొన్నచో, దేహము ఆ ఓర్పును కోల్పోయి ఉండుటచే శ్వాస ఆగిపోవును. పొలమునుండి ఇంటికి వచ్చిన మొదటి వారములు ఇందుచేతనే అపాయకరములు. బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులను వైద్యులు క్రమపద్ధతిలో ఇచ్చుటచే మరణములు తగ్గుచున్నవి. "ఒక మత్తు మాన్పి మరియొక మత్తు ఇచ్చుచున్నారు" అని వెక్కిరించుట తేలిక. తీవ్రమైన తపస్సు చేయు ముని కూడ తన శక్తికి తగిన తపస్సునే చేయవలెనని మన శాస్త్రము చెప్పుచుండగా, రోగికి ఊతకఱ్ఱ ఇచ్చుటను తప్పుపట్టుట ఎందుకు?

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. ఏ క్షేత్రమును మనవారి బిడ్డ దాక పోలేదు. వానికి అడ్డుగా నిలిచినది దూరము కాదు, డబ్బు కాదు, మన మౌనము. పరువు పోవునని, చెల్లెలి పెండ్లి చెడునని, మార్కెట్టులో అరువు పుట్టదని దాచుదుము. "వ్యాపారపు పని మీద ఊరికి పోయినాడు" అందుము. ఈ దాచుటకు కొందరు శాస్త్రము కూడ చెప్పుదురు. సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములు. వానిలో ఐదవది ఉపగూహనము, అనగా సాధర్మికుని దోషమును బయట పెట్టక కప్పుట. నిజమే. కాని ఆరవది ఏమి? స్థితికరణము. మార్గమునుండి జారుచున్నవానిని మరల నిలబెట్టుట. ఐదు దగ్గర ఆగి ఆరును మరచినచో ఉపగూహనము కేవలము దాపరికమగును.

సమంతభద్రాచార్యుల రత్నకరండ శ్రావకాచారము ఈ అంగములకు ఒక్కొక్క పేరును ఉదాహరణముగా చూపినది. ఉపగూహనమునకు చూపినది జినేంద్రభక్తుడను వర్తకుని. బ్రహ్మచారి వేషముతో వచ్చిన దొంగ చైత్యాలయపు రత్నమును తీసికొని పారిపోవుచు పట్టుబడినప్పుడు, ఆ సెట్టి "నేనే తెమ్మన్నాను" అని నలుగురిలో ధర్మమునకు అపవాదు రాకుండ కాపాడినాడు. ఈ కథ మనకు ఇష్టము, మనవాడు, వర్తకుడు. కాని కథ అక్కడ ముగియదు. జనము పోయిన తరువాత దొంగను ఏకాంతమున మందలించి పంపివేసినాడు. వీధిలో కప్పినాడు, ఇంటిలో కప్పలేదు. స్థితికరణమునకు చూపినది శ్రేణికుని కుమారుడైన వారిషేణుని. తనతో దీక్ష తీసికొన్న మిత్రుడు భార్యపై మనసు వదలలేక తపించుచుండగా, వారిషేణముని అతనిని తిట్టలేదు, వదిలివేయలేదు. తన రాజగృహమునకే తోడ్కొని పోయి, తాను విడిచిన రాణులను, భోగమును చూపి, ఇదంతయు నీదే తీసికొమ్మన్నాడు. మిత్రుడు సిగ్గుపడి, తనంత తానే మార్గమునకు మరలినాడు. ఇక్కడ గొలుసు లేదు, ఉపన్యాసము లేదు. తోడుగా నడచుట కలదు. నిర్ణయమును అతనికే విడుచుట కలదు. బ్రెజిల్ దేశపు ఆ స్వహస్తలిఖిత ఉత్తరము వెనుక ఉన్న నీతి మన కథలో ఎన్నడో ఉన్నది.

తత్త్వార్థసూత్రము ప్రాయశ్చిత్తమును తొమ్మిది విధములుగా చెప్పినది. మొదటిది ఆలోచన, అనగా గురువు ఎదుట దాచకుండ చెప్పుకొనుట. కడపటిది ఉపస్థాపనము, అనగా పూర్తిగా జారిపోయినవానిని మరల దీక్షలో నిలుపుట. మహావ్రతమునుండి పడిన మునికే తిరిగి వచ్చు దారి ఉంచిన ధర్మము, ఒక వ్యసనమున పడిన కుర్రవానికి దారి మూయునా? కాని గమనింపుడు, చెప్పుకొనుట మొదటి మెట్టు, మరల నిలుచుట చివరి మెట్టు. చెప్పుకొనుటకు చోటే లేనివాడు మరల నిలుచు మెట్టును ఎట్లు చేరును?

మన వృత్తిని గూర్చి కూడ ఒక మాట. కర్మాదానములలో విషవాణిజ్యము కూడ ఉన్నది. విషమన్నది పూర్వము పామువిషము, వత్సనాభి కావచ్చును. నేడు అట్టపెట్టెలో, ముద్రవేసిన పేరుతో రావచ్చును. ట్రమడాల్ అను నొప్పి మందును 2018లో మత్తుపదార్థముల చట్టము క్రిందికి తెచ్చినారు. అంతకుముందు దినమును ఆ మాత్ర అదే మాత్ర, దాని గుణము అదే గుణము. చట్టములో పేరు ఎక్కిన నాటినుండియే అది మనకు విషమగునా? మందుల టోకు వ్యాపారములో మనవారు ఎందరో కలరు. న్యాయముగా చేయువారే ఎక్కువ. ఐనను ఒక చిన్న ఊరి అంగడి మామూలుకంటె పదింతలు సరుకు అడిగినప్పుడు, "బిల్లు ఉన్నది, లైసెన్సు ఉన్నది" అనుకొనుట చాలదు. కృతము, కారితము, అనుమోదితము అని పాపమునకు మూడు త్రోవలు చెప్పిన మతము మనది. 2007 మే నెలలో పోపు బెనెడిక్టు గ్వారటింగెటా క్షేత్రమునకు వచ్చినప్పుడు, మత్తుమందు వర్తకులను ఉద్దేశించి, మీరు చేసిన కీడునకు దేవుడు లెక్క అడుగునని హెచ్చరించినారు. మనకు లెక్క అడుగు దేవుడు లేడు. కర్మమే చిట్టా వ్రాసికొనును. అందులో తప్పు పద్దు దిద్దించుకొనుటకు గుమాస్తా దొరకడు.

ఇక చేయవలసినదేమి? పెద్ద క్షేత్రము కట్టి శిలాఫలకము వేయుటతో ప్రారంభింపనక్కరలేదు. మన సంఘమున్న ప్రతి ఊరిలో, రహస్యము కాపాడగల ఇద్దరు పెద్దలను - ఒక పురుషుని, ఒక స్త్రీని - ఏర్పరచి, ఏ కుటుంబమైనను భయములేక వారి గడప తొక్కవచ్చునని తెలియజేయవలెను. వారికి మంచి వైద్యునితో పరిచయము ఉండవలెను. మత్తు వాడకమునకు సంబంధించిన కొన్ని నేరములలో, స్వయముగా చికిత్సకు వచ్చినవానికి 1985 నాటి మత్తుపదార్థముల చట్టములోనే ప్రాసిక్యూషన్ నుండి రక్షణ కలదన్న సంగతియు, ప్రభుత్వపు ఉచిత సహాయ ఫోను 14446 అన్న సంగతియు వారికి తెలిసి ఉండవలెను. బాగుపడిన మనవాడు ఎవడైన ఉన్నచో, అతడు ఒప్పుకొన్నచో, క్రొత్తవానికి తోడుగా పంపవలెను. పేరును కప్పుదము, మనిషిని నిలుపుదము.

ఒకనాటికి మనవారు క్షేత్రమే స్థాపించినచో, నాకు తోచిన షరతులు కొన్ని. చేరువాడు తానే వ్రాసి చేరవలెను. ద్వారమునకు లోపలినుండి తాళము ఉండవచ్చును గాని బయటనుండి ఉండరాదు. వైద్యుని మాట ఆచార్యుని మాటతో సమానముగా చెల్లవలెను. అన్యమతస్థుడు వచ్చినను అన్నము, పని, గౌరవము సమముగా ఉండవలెను. ణమోకార మంత్రము నేర్చుకొన్నవానికి ఎక్కువ కూర వడ్డించుట పనికిరాదు. సంఘమునకు సంబంధము లేని ఇద్దరు చెప్పకుండ వచ్చి చూచు అధికారము కలిగియుండవలెను. చందాలు, ఖర్చులు ఏటేట అచ్చువేయవలెను. చందా ఇచ్చినవాని సరుకు ఏదో కూడ చూడవలెను. విషము అమ్మిన సొమ్ముతో విషము విరుచు ఔషధశాల కట్టుట ధర్మము కాదు.

అన్నిటికంటె కష్టమైన పని క్షేత్రము బయట ఉన్నది. పన్నెండు నెలల తరువాత కుర్రవాడు ఇంటికి వచ్చును. అన్న అతనికి గల్లాపెట్టె తాళము ఇచ్చునా? ఇచ్చినచో ఎప్పుడు, ఎంత? మొదటి దినముననే అంతయు ఇచ్చుట ప్రేమ కాదు, పరీక్ష పెట్టుట. ఎన్నటికిని ఇయ్యకుండుట శిక్ష. క్రొత్త బేరగానికి అరువు ఎట్లు ఇత్తుము? ముందు కొంచెము ఇచ్చి, అది తిరిగివచ్చిన కొలది పెంచుదుము. ఒక వాయిదా తప్పినంత మాత్రమున ఖాతా కొట్టివేయము. పిలిచి కూర్చుండబెట్టి మాట్లాడుదుము. ఎక్కడివాడో తెలియని బేరగాని యెడల చూపు ఈ ఓర్పును మన రక్తము పంచుకొన్నవాని యెడల చూపలేకపోయినచో, మనము పెద్ద వర్తకులము కావచ్చును గాని శ్రావకులము కాము. అతడు మరల జారవచ్చును. జారినచో మరల ఆలోచన, మరల ఉపస్థాపనము. ప్రతిక్రమణము రోజూ చేయుమని చెప్పిన పెద్దలకు, మనిషి రోజూ జారునని తెలియకపోలేదు.